తొంభై ఆరు

అనంతపురం. మార్చి. మధ్యాహ్నం రెండున్నర.
కరెంటు పోయి ఇరవై నిమిషాలు.
డిగ్రీ మూడో సంవత్సరం, అమెరికన్ సాహిత్యం.
ముప్పై ఎనిమిది మంది,
అందులో మెలకువగా ఉన్నవాళ్లు పదకొండు.

నేను చెబుతున్నా:
మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయినాక
అక్కడ రాసేవాళ్లకు మాటల మీద నమ్మకం పోయింది.
అంతకుముందు వాక్యమంటే పెండ్లి ఊరేగింపు.
ముందు మేళం, పక్కన దీపాలు,
ఎక్కడో చిట్టచివర గుర్రం మీద క్రియ.
యుద్ధం తర్వాత అది
ఆస్పత్రి నుంచి ఒంటరిగా నడిచొచ్చే మనిషి.
చేతిసంచి కూడా లేదు.

వాళ్లు పారేసిన మొదటి మాట ‘కాబట్టి’ అన్నా.
ఇది జరిగింది కాబట్టి అది జరిగింది
అనడానికి వాళ్లకు మొహం చెల్లలేదు.
పక్కపక్కన నిలబడిన ఇద్దరిలో
ఒకడు పోయి ఒకడు మిగిలితే
నడుమ ఏ కాబట్టి పెడతావు?
అందుకే,
చూడండి, నా నోటికీ అలవాటు పోలేదు,
వాక్యం పక్కన వాక్యాన్ని నిలబెట్టి ఊరుకున్నారు,
నడుమ కల్వర్టు లేని వంక మాదిరి.

గైడులో ఇదంతా లేదు.
గైడులో ఐదు లక్షణాలున్నాయి, కింద గీతలు గీసి.

మూడో బెంచీలో వన్నూరమ్మ లేచింది.
బెళుగుప్ప పక్కన పల్లె. రోజూ రెండు బస్సులు మారి వస్తుంది.
“మా ముత్తాత అట్లనే మాట్లాడేవాడంట సార్.”
నిద్రలో ఉన్నవాళ్లు కూడా నవ్వినారు.

ఆయన పేరు పెన్నోబులు.
కరువు ఏడు, నెలజీతం ఇస్తారంటే
బస్రాకు పోయినాడు కంచరగాడిదలు తోలేదానికి.
అక్కడి నుంచి ఒకే కార్డు, ఎవరితోనో రాయించింది.
మిలిటరీవాళ్లు నల్లసిరా పూసినాక
చదివేదానికి మిగిలింది రెండు మాటలు:
గాడిదలు బాగున్నాయి.

గుంతకల్లులో రైలెక్కినోడు
నాలుగేండ్లకు గుంతకల్లులోనే దిగినాడు.
దిగినాక మాట ఇట్ల ఉండేదంట:

పడవ. ఎండ. నీళ్లు ఉప్పు.
సుంకన్న నవ్వినాడు.
సుంకన్న టోపీ నా చేతిలో.
పొద్దున తొంభై ఏడు తోలినా.
రాత్రి లెక్కబెడితే తొంభై ఆరు.

అంతే. మళ్లీ మొదట్నుంచి.
చెనిక్కాయ చేలో కలుపు తీస్తూ,
సంగటి ముద్ద చేతిలో పట్టుకుని,
పసిబిడ్డలను నిద్రపుచ్చుతూ కూడా అదే లెక్క.

“పిచ్చి పట్టిందని గూగూడుకు తీసకపోయినారు సార్,
కుళ్లాయిస్వామి ముందర మూడు నిద్రలు చేయించినారు.
మీరేమో దీన్ని ఆధునికత అంటున్నారు.”

నాకు జవాబు రాలేదు.
ఆ ఏండ్లలోనే సముద్రాల అవతల ఎవడో
టైపు మిషను ముందు కూర్చుని
ఒక్కొక్క విశేషణం కొట్టేస్తున్నాడు.
వాడికి అచ్చేసేవాడు దొరికినాడు.
పెన్నోబులుకు తాయెత్తు కట్టినారు.

ఏప్రిల్లో ఇంటర్నల్ పరీక్ష. పది మార్కుల ప్రశ్న:
యుద్ధానంతర ఆధునికత లక్షణాలు వివరింపుము.
అందరూ ఐదు రాసినారు, ఒకరిద్దరు ఆరు.
వన్నూరమ్మ ఇంగ్లీషు పేపరులో తెలుగులో
ముత్తాత చెప్పిన ఆ వరసలే రాసింది.
కింద ‘కాబట్టి’ అని మొదలుపెట్టి
పెన్ను ఒత్తి అడ్డంగా కొట్టేసింది,
వెనక పేజీకి గాడి పడేటట్టు.

ఎర్రపెన్ను మూత తీసి కూర్చున్నా.
చెమట. పక్కింట్లో కుక్కరు మూడు కూతలు.
పదికి ఎంత వేయాలో తెలియలేదు.
కాగితం తిప్పి వేలితో తడిమినా, ఆ గీత తగిలింది.

కరెంటు వచ్చింది.
ఫ్యాను తిరిగింది.
పేపర్లు గదంతా లేచినాయి.
మంచం కిందవీ, తలుపు చాటువీ ఏరి
లెక్కబెడితే ముప్పై ఏడు.